అమెరికా స్టేట్ న్యూ మార్కెట్స్ క్రెడిట్ ఫైలు: బెంగళూరు డెస్కు మీద పూర్తి చేసే పద్ధతి

బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద, వైట్‌ఫీల్డ్‌లో, ఎలక్ట్రానిక్ సిటీలో అమెరికా పన్నుల పని చేసే ఆఫీసుల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. అనంతపురం నుంచో కర్నూలు నుంచో బీకామ్, సీఏ ఇంటర్ చదివి వచ్చినవాళ్లకు కంపెనీల 1120, భాగస్వామ్య సంస్థల 1065 రిటర్నులు రెండు సీజన్లలో చేతికి అలవాటవుతాయి. అలవాటు కానిది స్టేట్ క్రెడిట్ల ఫైలు, అంటే రాష్ట్ర ప్రభుత్వాలిచ్చే పన్ను తగ్గింపుల ఫైలు. సాఫ్ట్‌వేర్‌లో దానికి సరైన గడి ఉండదు, పోయినేడు చేసినవాళ్లు ఉద్యోగం మారి ఉంటారు, ఫోల్డర్‌లో ఒక ఎక్సెల్ షీటు, నాలుగు పీడీఎఫ్‌లు మాత్రం ఉంటాయి. అలాంటి ఫైలు చేతికొచ్చినవాళ్ల కోసమే ఇది. స్టేట్ క్రెడిట్లు ఎన్నో రకాలున్నాయి. ఇక్కడ చెప్పేది న్యూ మార్కెట్స్ క్రెడిట్ గురించే. ఇది పట్టుబడితే మిగతావాటిలో సగం పని తెలిసినట్టే.

డబ్బు నడిచే దారి

పేదరికం ఎక్కువున్న పేటల్లో అప్పు పుట్టదు. అప్పు పుట్టని చోటికి క్లినిక్ రాదు, కూరగాయల దుకాణం రాదు, పదిమందికి పనిచ్చే షెడ్డు కూడా రాదు. అక్కడ పెట్టుబడి పెట్టినవాళ్లకు పన్నులో తగ్గింపు ఇస్తామని అమెరికా కాంగ్రెస్ 2000లో చట్టం చేసింది. ఆదాయపు పన్ను కోడ్‌లో అది 45డి సెక్షన్. 2025 జులై 4న వచ్చిన చట్టం దాన్ని శాశ్వతం చేసింది. ఏటా 500 కోట్ల డాలర్ల పెట్టుబడులకు కేటాయింపు ఉంటుంది.

పెట్టుబడిదారు నేరుగా ఆ పేటలో డబ్బు పెట్టడు. మధ్యలో సీడీఈ (కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ఎంటిటీ) అనే సంస్థ ఉంటుంది. ట్రెజరీ శాఖలోని సీడీఎఫ్ఐ ఫండ్ దానికి గుర్తింపు ఇస్తుంది. పెట్టుబడిదారు సీడీఈలో పెట్టే వాటా ధనం క్యూఈఐ (క్వాలిఫైడ్ ఈక్విటీ ఇన్వెస్ట్‌మెంట్). సీడీఈ ఆ డబ్బును పేటలోని వ్యాపారానికి అప్పుగానో వాటాగానో ఇస్తుంది. ఆ వ్యాపారాన్ని అందరూ క్వాలిక్‌బీ అంటారు. క్రెడిట్ దక్కేది పెట్టుబడిదారుకు, డబ్బు అందాల్సింది క్వాలిక్‌బీకి. ఈ రెండు కొసలనూ కాగితాలతో కలపడమే మీ ఫైలు చేయాల్సిన పని. పన్ను లెక్క అందులో పదో వంతు కూడా ఉండదు.

దీన్ని చూసి చాలా రాష్ట్రాలు సొంత క్రెడిట్లు పెట్టుకున్నాయి. నిర్వచనాలను చాలావరకు 45డి నుంచే తీసుకున్నాయి. రేటు, ఏ పన్నులోంచి తగ్గించుకోవాలి, గరిష్ఠ పరిమితి, వెనక్కి లాక్కునే షరతులు మాత్రం ఎవరివి వాళ్లవే.

ముందు చట్టం, తర్వాతే ఎక్సెల్

ఫైలు తెరిచిన వెంటనే చేయాల్సింది ఒక్కటే: ఆ రాష్ట్ర చట్టంలోని సెక్షన్‌ను డౌన్‌లోడ్ చేసి చదవడం. అదీ పెట్టుబడి పెట్టిన తేదీ నాటికి అమల్లో ఉన్న పాఠం. కొన్ని రాష్ట్రాలు కొత్త కేటాయింపులు ఆపేశాయి. అయినా పాత పెట్టుబడుల మీద క్రెడిట్ సాధారణంగా ఏడేళ్లు నడుస్తూనే ఉంటుంది. 'ఈ పథకం మూతపడింది' అని ఎక్కడో చదివి క్రెడిట్ వదిలేయడం ఎంత తప్పో, ఇవాళ్టి సవరణను 2019 నాటి పెట్టుబడికి వర్తింపజేయడం కూడా అంతే తప్పు.

చదువుతూ అయిదు విషయాలు ఒక కాగితం మీద రాసుకోండి. ఏడాదివారీ శాతం ఎంత. ఆ శాతం దేని మీద. ఏ పన్నులోంచి తగ్గుతుంది. మిగిలిపోయిన క్రెడిట్‌ను ఎన్నేళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు. ఏ సందర్భంలో వెనక్కి కట్టాలి. ఈ కాగితం వర్క్‌పేపర్‌లో మొదటి పేజీ కావాలి. రివ్యూయర్ అమెరికాలో ఉదయం లేచి ఫైలు తెరిస్తే మొదట అదే కనబడాలి.

శాతాల దగ్గరే మొదటి గుంట ఉంది. ఫెడరల్ క్రెడిట్ మొదటి మూడేళ్లు 5 శాతం చొప్పున, తర్వాతి నాలుగేళ్లు 6 శాతం చొప్పున, మొత్తం 39 శాతం. ఒహాయో, ఫ్లోరిడా, ఇల్లినాయ్, కెంటకీ, నెబ్రాస్కా, మెయిన్ రాష్ట్రాల చట్టాల్లోనూ మొత్తం 39 శాతమే. కానీ అక్కడ మొదటి రెండేళ్లు సున్నా, మూడో ఏడు 7, తర్వాత నాలుగేళ్లు 8 చొప్పున. నెవాడాలో మొత్తం 58 శాతం: రెండేళ్లు సున్నా, తర్వాత మూడేళ్లు 12, ఆఖరి రెండేళ్లు 11. మిసిసిపీలో ఏడాదికి 8 చొప్పున మూడేళ్లకే 24 శాతం అయిపోతుంది.

ఒహాయోలో 2022 నవంబరు 18న 20 లక్షల డాలర్ల క్యూఈఐ పెట్టారనుకోండి. రాష్ట్ర క్రెడిట్ 2022, 2023లకు సున్నా. 2024కు 1,40,000 డాలర్లు. 2025 నుంచి 2028 వరకు ఏటా 1,60,000. మొత్తం 7,80,000. ఇదే పెట్టుబడికి ఫెడరల్ కేటాయింపు కూడా ఉంటే 2022 నుంచి 2024 వరకు ఏటా 1,00,000, తర్వాత నాలుగేళ్లు 1,20,000. దాని మొత్తమూ 7,80,000. ఫెడరల్ షీటును కాపీ చేసి పైన రాష్ట్రం పేరు మార్చినవాళ్ల తప్పు అందుకే టోటల్‌లో బయటపడదు. రెండు టోటళ్లు కలిశాయి కదా అని టిక్ మార్కు పెట్టి పంపేస్తారు. ఏ ఏటికి ఆ ఏడు, వరుస వరుసా చట్టంతో సరిచూడాలి. మొదటి రెండేళ్లు సున్నా ఎందుకని క్లయింటు అడిగితే, రాష్ట్రం బడ్జెట్ మీద భారం వెంటనే పడకుండా అలా పెట్టుకున్నారని చెప్పొచ్చు. పొరపాటేమీ కాదు.

శాతం దేని మీద అన్నదీ చూడాలి. కొన్ని చట్టాలు మొత్తం క్యూఈఐని కాకుండా, సర్దుబాటు చేసిన కొనుగోలు ధరను తీసుకుంటాయి. సీడీఈ అన్ని రాష్ట్రాల్లో పెట్టిన డబ్బులో ఈ రాష్ట్రంలో ఉన్న వంతు ఎంతో లెక్కగట్టి, ఆ వంతుకే క్రెడిట్ ఇస్తాయి. పై ఉదాహరణలో వంతు 75 శాతమైతే ఆధారం 15 లక్షలు, మొత్తం క్రెడిట్ 5,85,000. ఒహాయోలో ఒక్కో ప్రాజెక్టులోకి వెళ్లే అర్హ పెట్టుబడికి 25,64,000 డాలర్ల పరిమితి ఉంది. ఈ వింత అంకె ఎక్కడిదంటే, దాన్ని 39 శాతంతో గుణిస్తే 10 లక్షల డాలర్లకు 40 తక్కువ వస్తుంది. అంటే ప్రాజెక్టుకు ఒక మిలియన్ క్రెడిట్. ఇలా వెనక్కి లెక్కగట్టి చూస్తే పరిమితి ఎందుకుందో అర్థమవుతుంది, అంకె మరిచిపోరు.

బెంగళూరు లాప్‌టాప్ చేసే మూడు తప్పులు

ఇవి పన్ను చట్టంలో ఉండవు, మన టేబుల్ మీదే పుడతాయి.

మొదటిది తేదీ. అమెరికా కాగితంలో 03/08/2022 అంటే మార్చి 8. ఇండియా సెట్టింగులున్న ఎక్సెల్ దాన్ని ఆగస్టు 3గా చదువుతుంది. క్యూఈఐ తేదీ అయిదు నెలలు జరిగిపోతుంది. పన్నెండు నెలల గడువులన్నీ దాంతోపాటే జరుగుతాయి. 18వ తేదీ అయితే అటువంటి నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని తేదీగా గుర్తించదు, తప్పు కనబడుతుంది. 12 లోపు తేదీలతోనే ప్రమాదం. అందుకే తేదీలను టైపు చేయకుండా ఏడాది, నెల, రోజు వేర్వేరు గడుల్లో పెట్టి డేట్ ఫార్ములాతో కలపండి. కనబడే రూపంలో నెల పేరు అక్షరాల్లో ఉండాలి. క్యూఈఐ పెట్టిన రోజు, దాని ఆరు వార్షికోత్సవాలు కలిపి ఏడు క్రెడిట్ తేదీలు. ఆ ఆరు వార్షికోత్సవ తేదీలకు ఈడేట్ ఫార్ములా వాడి 12, 24, 36 నెలలు కలుపుకుంటూ పోవచ్చు.

దీనికి తోడు రాత్రి తేడా. న్యూయార్క్‌లో డిసెంబరు 31 సాయంత్రం 6 గంటలకు వచ్చిన వైర్ (బ్యాంకు బదిలీ) కన్ఫర్మేషన్ ఈమెయిలు మీ ఔట్‌లుక్‌లో జనవరి 1 తెల్లవారుజాము 4:30కి కనిపిస్తుంది. ఈమెయిలు సమయాన్ని ఎప్పుడూ ఆధారంగా తీసుకోవద్దు. బ్యాంకు వైర్ పత్రం మీద ఉన్న తేదీనే తీసుకోండి. ఒక్కరోజు తేడాతో క్రెడిట్ మరో పన్ను సంవత్సరంలో పడుతుంది.

రెండోది కామాలు. 25,64,000 అని మనకు చూడగానే అర్థమవుతుంది. రివ్యూయర్‌కు 2,564,000 అని ఉండాలి. ఈ వ్యాసంలో మన పద్ధతిలో రాశాం గానీ, వర్క్‌పేపర్‌లో విండోస్ రీజియన్‌ను యునైటెడ్ స్టేట్స్‌కు మార్చాకే పని మొదలుపెట్టండి. తేదీల బెడదా చాలావరకు దాంతోనే తీరుతుంది. లక్షలు, కోట్లు మనసులో లెక్కేసుకుని మిలియన్లుగా టైపు చేసేటప్పుడు ఒక సున్నా జారిపోవడం మామూలే. పెట్టుబడి మొత్తాన్ని ఒకే గడిలో ఒక్కసారే టైపు చేసి, మిగతా అన్నిచోట్లా ఆ గడికి లింకు ఇవ్వండి.

మూడోది సెన్సస్ ట్రాక్ట్ (జనాభా లెక్కల కోసం గీసిన చిన్న ప్రాంతం) నంబరు. అది 11 అంకెలు: రాష్ట్రానికి 2, కౌంటీకి 3, ట్రాక్ట్‌కు 6. అలబామా 01తో మొదలవుతుంది, కాలిఫోర్నియా 06, కొలరాడో 08. గడిని ముందుగా టెక్స్ట్‌గా మార్చకపోతే ఎక్సెల్ ముందున్న సున్నాను తినేస్తుంది, 10 అంకెలు మిగులుతాయి. వెతికితే దొరకదు, లేదా తప్పు చోటు దొరుకుతుంది. ట్రాక్ట్‌ను 45.02 అని రాసి ఉంటే ఆరు అంకెల్లో అది 004502. ఊరికే 45 అని ఉంటే 004500. ఒహాయోలో క్లీవ్‌లాండ్ ఉన్న కయహోగా కౌంటీ అయితే ముందు 39, తర్వాత 035. గడి పక్కనే అక్షరాల సంఖ్య 11 ఉందో లేదో చూపే ఫార్ములా పెట్టండి. కాకపోతే ఎర్రగా కనబడాలి.

ఆ పేట నిజంగా అర్హమైనదేనా

ట్రాక్ట్‌లో పేదరికం 20 శాతమో అంతకంటే ఎక్కువో ఉండాలి. లేదా మధ్యస్థ కుటుంబ ఆదాయం చుట్టుపక్కల ప్రాంతపు ఆదాయంలో 80 శాతం దాటకూడదు. మహానగర ప్రాంతంలో అయితే రాష్ట్ర మధ్యస్థ ఆదాయం, నగర ప్రాంత మధ్యస్థ ఆదాయం రెండింటిలో ఎక్కువైనదానితో పోల్చాలి. ఊళ్లలో రాష్ట్ర మధ్యస్థ ఆదాయంతోనే. సీడీఎఫ్ఐ ఫండ్ మ్యాపింగ్ సాధనంలో చిరునామా వేస్తే ట్రాక్ట్, అర్హత కనిపిస్తాయి. తేదీ కనబడేలా పీడీఎఫ్ తీసి ఫైల్లో పెట్టండి.

ఇక్కడ తేదీకి మరో ప్రాముఖ్యం ఉంది. 2023 సెప్టెంబరు 1 నుంచి 2016–2020 సర్వే గణాంకాలు వాడుకలోకి వచ్చాయి. ఒక ఏడాదిపాటు పాతవీ కొత్తవీ రెండూ చెల్లాయి. 2024 సెప్టెంబరు నుంచి కొత్తవే. 2021లో ఖరారైన డీల్‌ను ఇవాళ్టి మ్యాప్‌లో చూసి 'అర్హత లేదు' అని నోట్ రాస్తే క్లయింటుకు నిద్రపట్టదు. డీల్ ఖరారైన నాటి గణాంకాలతోనే సరిచూడాలి. అప్పటి పీడీఎఫ్ ఫోల్డర్‌లో లేకపోతే సీడీఈని అడిగి తెప్పించండి. వాళ్ల దగ్గర తప్పక ఉండాలి.

ఏ చిరునామా వేయాలన్నదీ ఆలోచించాలి. ఇన్వాయిస్ మీదున్నది తరచూ హెడ్డాఫీసు. పోస్టు బాక్సు నంబరు ఉంటే అది పనికిరాదు. పని జరిగే చోటు, యంత్రాలున్న చోటు, ఉద్యోగులు నిలబడే చోటు కావాలి. లీజు పత్రంలోని చిరునామా అన్నిటికంటే నమ్మదగినది.

వ్యాపారానికి పరీక్షలు

పేట సరైనదైనంత మాత్రాన వ్యాపారం అర్హమైపోదు. క్వాలిక్‌బీ మొత్తం ఆదాయంలో కనీసం 50 శాతం ఆ ప్రాంతంలో చురుగ్గా చేసే వ్యాపారం నుంచి రావాలి. వాడే స్థిరచరాస్తుల్లో కనీసం 40 శాతం అక్కడ ఉండాలి. ఉద్యోగుల పనిలో కనీసం 40 శాతం అక్కడే జరగాలి. ఆస్తుల పరీక్షలోనో సేవల పరీక్షలోనో 50 శాతమో అంతకంటే ఎక్కువో ఉంటే ఆదాయపు పరీక్ష నెగ్గినట్టే లెక్క. ఇది చాలా ఫైళ్లను ఆదుకుంటుంది. ఉద్యోగులే లేని సంస్థ, అంటే భవనం మాత్రమే ఉన్న కంపెనీ అయితే, ఆస్తుల్లో 85 శాతం అక్కడుంటే సేవల పరీక్ష పట్టింపు లేదు.

కొన్ని వ్యాపారాలకు అసలు చోటు లేదు: గోల్ఫ్ కోర్సు, కంట్రీ క్లబ్బు, మసాజ్ పార్లరు, హాట్ టబ్ కేంద్రం, సన్‌టాన్ సెలూను, జూదం, గుర్రపు పందేలు, సీసా ఇంటికి తీసుకెళ్లే మద్యం దుకాణం. అద్దె ఆదాయంలో 80 శాతమో ఎక్కువో ఇళ్ల నుంచి వస్తే అదీ కుదరదు. కింద దుకాణాలు, పైన ఫ్లాట్లు ఉన్న భవనం ఫైలు వస్తే రెంట్ రోల్ (ఎవరు ఎంత అద్దె కడుతున్నారో చెప్పే జాబితా) తెప్పించి ఆ శాతాన్ని ఏటా లెక్కగట్టండి. దుకాణం ఒకటి ఖాళీ అయిన ఏడే ఈ 80 దాటుతుంది.

ఎవరూ పట్టించుకోని పరీక్ష నగదు. ఆస్తుల్లో ఆర్థిక ఆస్తులు 5 శాతం లోపే ఉండాలి. రోజువారీ అవసరానికి తగినంత నగదును ఇందులో కలపరు. నిర్మాణానికి వచ్చిన డబ్బును 12 నెలల్లో ఖర్చు చేస్తారంటే దాన్నీ అవసరపు నగదుగానే చూస్తారు. మునిసిపల్ అనుమతి ఆలస్యమై, పధ్నాలుగు నెలలైనా డబ్బు ఎస్క్రో ఖాతాలోనే ఉంటే చిక్కు మొదలవుతుంది. అందుకని బ్యాలెన్స్ షీట్లో నగదు గీతను ఏటా చూసి, ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఖర్చవుతుంది అని నోట్ రాయాలి.

ఒక ఊరట ఉంది. పెట్టుబడి పెట్టే నాటికి ఈ వ్యాపారం షరతులన్నీ పాటిస్తుందని సీడీఈ సమంజసంగా నమ్మి ఉండి, ఆ వ్యాపారం మీద సీడీఈకి నియంత్రణ లేకపోతే, తర్వాత తప్పినా సాధారణంగా క్రెడిట్ పోదు. 'సమంజసంగా నమ్మాం' అన్నదానికి రుజువు డీల్ ఖరారైన రోజున తీసుకున్న ధ్రువపత్రం, దాని వెనకున్న అంచనాల షీటు. ఈ రెండూ ఫైల్లో లేకపోతే ఊరట కాగితం మీదే మిగులుతుంది.

డబ్బు నిజంగా చేరిందా

క్యూఈఐ డబ్బులో కనీసం 85 శాతం 12 నెలల్లో అర్హ పెట్టుబడుల్లోకి వెళ్లాలి. ఏడో ఏట ఇది 75 శాతం. మధ్యలో అప్పు తిరిగొస్తే మళ్లీ 12 నెలల్లో పెట్టాలి. సీడీఈ పంపే వార్షిక పత్రంలో ఈ శాతం ఉంటుంది. దాన్ని నమ్మి వదిలేయకుండా వైర్ పత్రాలతో పోల్చండి: పెట్టుబడిదారు నుంచి సీడీఈకి, సీడీఈ నుంచి క్వాలిక్‌బీకి, అక్కడి నుంచి కాంట్రాక్టరుకో యంత్రాలు అమ్మినవాళ్లకో. మూడు మెట్లూ కనబడాలి.

మూడో మెట్టు ఎందుకంటే మెయిన్ రాష్ట్రం సంగతి చూడండి. అక్కడి క్రెడిట్ రీఫండబుల్, పన్ను బాకీ లేకపోయినా రాష్ట్రం చెక్కు ఇస్తుంది. 2012లో ఈస్ట్ మిలినాకెట్‌లోని కాగితపు మిల్లు పేరిట 4 కోట్ల డాలర్ల పెట్టుబడి చూపించారు. అందులో ఎక్కువ భాగం ఒక్కరోజు అప్పు. వచ్చిన రోజే వెనక్కి వెళ్లిపోయింది. రాష్ట్రం మీద పడిన క్రెడిట్ భారం దాదాపు 1.6 కోట్ల డాలర్లు. మిల్లు 2014లో మూతపడి దివాలా తీసింది. 2015లో పోర్ట్‌లాండ్ ప్రెస్ హెరాల్డ్ పత్రిక ఈ లెక్కలన్నీ బయటపెట్టాక ఒక్కరోజు అప్పులను రాష్ట్రం నిషేధించింది. ఆ కాగితాలు అప్పటి చట్టం ప్రకారం చెల్లినవే. అయినా పనివాళ్లకు మిగిలిందేమీ లేదు. క్వాలిక్‌బీ ఖాతాలోకి వచ్చిన రోజే, లేదా ఆ వారంలోనే, పెట్టుబడిదారుకో అనుబంధ సంస్థకో డబ్బు తిరిగి వెళ్లినట్టు కనిపిస్తే మీ స్థాయిలో దాన్ని దాటేయొద్దు. క్వాలిక్‌బీ బ్యాంకు స్టేట్‌మెంట్ మొదటి ముప్పై రోజులు అడగండి, పేజీ నంబరుతో ప్రశ్న రాసి మేనేజరుకు పంపండి. అడిగితే విసుక్కుంటారేమోనని జంకక్కర్లేదు. ఈ క్రెడిట్ ఉన్నదే ఆ డబ్బు అక్కడ నిలవాలని.

క్రెడిట్ ఎవరిది, ఏ ఏటిది

క్రెడిట్ తేదీన ఎవరి చేతిలో క్యూఈఐ ఉందో వాళ్లకే ఆ ఏటి క్రెడిట్ మొత్తం. అక్టోబరులో వాటా అమ్మేస్తే, నవంబరు 18న కొన్నవాళ్లది. రోజులవారీగా పంచడం లేదు. ఆ తేదీ ఏ పన్ను సంవత్సరంలో పడితే ఆ సంవత్సరానికి. జూన్ 30న ఖాతాలు ముగించే క్లయింటుకు 2024 నవంబరు 18 నాటి క్రెడిట్ 2025 జూన్‌తో ముగిసే ఏటిది.

ఫెడరల్ వైపు క్యూఈఐ పెట్టిన 60 రోజుల్లో సీడీఈ పెట్టుబడిదారుకు 8874-ఏ ఫారం ఇవ్వాలి. పెట్టుబడిదారు 8874 ఫారం ద్వారా వ్యాపార క్రెడిట్లను కలిపే 3800 ఫారంలోకి తీసుకెళ్తాడు. వాడని క్రెడిట్ ఒక ఏడు వెనక్కి, 20 ఏళ్లు ముందుకి వెళ్తుంది. పొందిన ఫెడరల్ క్రెడిట్ మేరకు క్యూఈఐ బేసిస్ (అమ్మకపు లాభం లెక్కకు వాడే కొనుగోలు విలువ) తగ్గించాలి. దీన్ని మరిచిపోతే ఏడో ఏట అమ్మకపు లాభం తప్పవుతుంది. రాష్ట్రం వైపు ఆధారం రాష్ట్ర శాఖ ఇచ్చిన ధ్రువీకరణ లేఖ. అందులోని అంకె, 8874-ఏ లోని అంకె వేర్వేరుగా ఉండొచ్చు, రాష్ట్రం కొంత భాగానికే కేటాయింపు ఇచ్చి ఉండొచ్చు. రాష్ట్ర లెక్కకు లేఖలోని అంకెనే ఆధారం.

ఇక ఏ పన్ను. ఈ క్రెడిట్లను ఎక్కువగా వాడేది బీమా కంపెనీలు. నెవాడాలో కార్పొరేట్ ఆదాయపు పన్నే లేదు, క్రెడిట్ బీమా ప్రీమియం పన్నులోంచి తగ్గుతుంది. ప్రీమియం పన్ను రిటర్ను గడువు చాలా రాష్ట్రాల్లో మార్చి 1, కొన్నింట్లో మార్చి 15. 1120 గడువు ఏప్రిల్ 15 కదా అని తాపీగా కూర్చుంటే ఇది దాటిపోతుంది. సంక్రాంతికి ఊరెళ్లే ముందే సీడీఈలకు కాగితాల జాబితా పంపేయాలి. తిరిగొచ్చాక పంపితే ఫిబ్రవరి ఆఖరుకు గానీ జవాబులు రావు. వేరే రాష్ట్రపు బీమా కంపెనీ అయితే రిటాలియేటరీ పన్ను (ఆ కంపెనీ సొంత రాష్ట్రం వేసే పన్నుకు దీటుగా వేసే అదనపు పన్ను) గీత కూడా చూడండి. క్రెడిట్ తీసుకున్నందువల్ల ఆ పన్ను పెరగకూడదని చాలా చట్టాలు రాసుకున్నాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం తనంతట పెంచేస్తుంది, చేత్తో సరిదిద్దాలి.

రాష్ట్ర పన్ను తగ్గితే ఫెడరల్ రిటర్నులో డిడక్షన్ కూడా తగ్గుతుంది. కట్టిన పన్నునే చూపాలి, క్రెడిట్ ముందరి పన్నును కాదు. ఒహాయోలో మిగిలిపోయిన క్రెడిట్‌ను నాలుగేళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు. పాతది ముందు వాడినట్టు చూపే షెడ్యూలు పెట్టకపోతే ఏది ఎప్పుడు కాలం చెల్లుతుందో ఎవరికీ తెలియదు.

భాగస్వామ్య సంస్థ ద్వారా ఒక వ్యక్తి 1040 రిటర్నులోకి క్రెడిట్ వస్తే ఇంకొకటి చూసుకోవాలి. ఆ వ్యక్తి కాగితాలు ఇండియాకు పంపడానికి 7216 సెక్షన్ కింద రాతపూర్వక సమ్మతి ఉండాలి, సోషల్ సెక్యూరిటీ నంబరు మామూలుగా మాస్క్ అయి రావాలి. అలా రాకపోతే ఫైలు మూసి అమెరికా టీముకు చెప్పండి. ముందు పని చేసి తర్వాత అడుగుదామని అనుకోవద్దు.

వెనక్కి కట్టాల్సి వస్తే

ఫెడరల్‌లో మూడు సందర్భాలు: సీడీఈ గుర్తింపు పోవడం, 85 శాతం షరతు తప్పడం, ఏడేళ్లలోపు అసలును పెట్టుబడిదారుకు తిరిగివ్వడం. అప్పటివరకు తీసుకున్న క్రెడిట్ మొత్తం, వడ్డీతో సహా కట్టాలి. ఆ వడ్డీకి డిడక్షన్ లేదు, మిగిలిన ఏళ్ల క్రెడిట్ కూడా పోతుంది. పై ఉదాహరణలో 2026లో అసలు తిరిగిస్తే ఫెడరల్‌కు 4,20,000 ప్లస్ వడ్డీ, ఒహాయో వైపు అప్పటివరకు తీసుకున్నది 3,00,000. ఫెడరల్ క్రెడిట్ పోతే రాష్ట్రానిదీ పోతుందని చాలా చట్టాల్లో ఉంది, అందుకే రెండు షీట్లూ ఒకే ఫైల్లో ఉండాలి.

మూడో సందర్భం తెలియకుండా జరిగిపోతుంది. సీడీఈ భాగస్వామ్య సంస్థ అయితే, ఏడాదిలో పంచిన నగదు ఆ ఏటి నిర్వహణ ఆదాయాన్ని మించకూడదు. మించితే అసలు తిరిగిచ్చినట్టు లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది. సీడీఈ భాగస్వామికి పంపే కె-1 పత్రంలో 19వ పెట్టెలోని పంపిణీ అంకెను ఏటా ఆ ఆదాయంతో పోల్చండి. పది నిమిషాల పని. కె-1 వచ్చిన రోజే చేసేయాలి. 85 శాతం షరతు తప్పినప్పుడు సరిదిద్దుకోవడానికి సీడీఈకి తెలిసిన రోజు నుంచి ఆరు నెలల గడువుంటుంది, అదీ ఒక క్యూఈఐకి ఒక్కసారే. అసలు తిరిగిచ్చేస్తే మాత్రం అలాంటి గడువు లేదు. వెనక్కి కట్టాల్సిన సంఘటన జరిగినట్టు తెలిసిన 60 రోజుల్లో సీడీఈ 8874-బి ఫారం పంపాలి. అలాంటిదేమీ రాలేదని క్లయింటు దగ్గర ఏటా ఈమెయిల్లో రాయించుకుని ఫైల్లో పెట్టండి.

ఏడో క్రెడిట్ తేదీ అయిపోగానే ఫైలును ఆర్కైవ్‌కు పంపేయడం అలవాటు. పంపొద్దు. 2022 పెట్టుబడికి ఆఖరి క్రెడిట్ తేదీ 2028 నవంబరు 18, కానీ ఏడేళ్లు నిండేది 2029 నవంబరు 17తో. ఆ చివరి ఏడాదిలో అసలు తిరిగొచ్చినా క్రెడిట్ మొత్తం వెనక్కి పోతుంది. ఆ తర్వాత కూడా ముందుకు తీసుకెళ్లిన క్రెడిట్ ఆఖరి డాలరు వాడిన రిటర్నుకు ఆడిట్ గడువు ముగిసేదాకా వైర్ పత్రాలు, లీజు, ట్రాక్ట్ పీడీఎఫ్, రాష్ట్ర లేఖ అందుబాటులో ఉండాలి. ఫోల్డర్ పేరులోనే ఆ తేదీ రాసిపెట్టండి, వచ్చే సీజన్‌కు ఆ కుర్చీలో ఎవరున్నా కనబడేలా.